మలుపు దగ్గర సున్నం

గూళూరు దాటి లోపలికి వచ్చే రోడ్డు పక్కన, ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది ఆ హైస్కూలు. బడి రాకముందు అక్కడ ఊరి కళ్ళాలు ఉండేవి. రాగి కోతలయ్యాక ఎద్దులకు రాతిగుండు కట్టి తిప్పి తిప్పి, ఆ నేలంతా బండలా గట్టిపడిపోయింది. పిల్లలు చదువు కోసం బాగేపల్లి దాకా పోలేక మానేస్తున్నారని మునియప్ప అనే రైతు ముందుగా తన కళ్ళం బడికి రాసిచ్చాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ ఇచ్చారు. గదులు లేవడానికి ఏళ్ళు పట్టింది గాని, ఆటస్థలం మాత్రం మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉండింది. అందుకేనేమో, ఆ బడి పిల్లలు లెక్కల్లో తప్పినా పరుగులో తప్పేవాళ్ళు కాదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి ఆడే హోబళి పోటీల్లో గెలిచిన కప్పులు హెడ్‌మాస్టరు గదిలో బీరువా నిండిపోయి, బీరువా మీదికి ఎక్కాయి. వెండి పూత పోయి పసుపుపచ్చగా మారిన ఒక కప్పులో సుద్దముక్కలు పోసి పెట్టుకుంటారు.

వరండా గోడ మీద, ఏటేటా బడిలో జరిగే ఆటల పోటీల్లో, క్రీడాకూటంలో, పదిహేను వందల మీటర్ల పరుగు గెలిచినవాళ్ళ పేర్లు పెయింటుతో రాసి ఉంటాయి. పాత పేర్ల మీద రంగు పెచ్చులూడింది. పోయినేడు దగ్గర మాత్రం సంవత్సరం ఉంది, పేరు లేదు.

ఆ ఖాళీని చూడకుండా వరండా దాటడం అక్కయమ్మకు చేతనయ్యేది కాదు.

మునియప్ప మనవడు దేవరాజ్ భార్య ఆమె. పెద్దకూతురు చైత్ర పోయినేడు ఆ పరుగులో అందరికంటే ముందుండింది. చివరి రౌండు. అవతలి మలుపు దగ్గర కాలు తడబడినట్టు ఆగింది, మోకాళ్ళ మీద కూర్చుంది, అలాగే పక్కకు వాలిపోయింది. చింతామణి ఆసుపత్రికి చేర్చేసరికి అంతా అయిపోయింది. పుట్టుకతోనే గుండెలో ఏదో లోపం ఉండి ఉంటుందన్నారు డాక్టరు. ఇన్నేళ్ళు ఎవరికీ తెలియని లోపం. ముగించని పరుగుకు పేరు రాయకూడదు, ముందున్న పిల్ల ఉండగా ఇంకొకరి పేరు రాయడానికి పీటీ మేష్ట్రుకు చెయ్యి రాలేదు. అలా ఉండిపోయింది ఆ ఖాళీ.

ఆ తర్వాత చిన్నకూతురు సహన గుండెను అక్కయమ్మ చిక్కబళ్ళాపురంలో చూపించింది. అది చాలదని బెంగళూరులో చూపించింది. ఏమీ లేదు, గుర్రంలా ఉంది అన్నారు. అయినా రాత్రి పిల్ల నిద్రపోయాక రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసేది. తొమ్మిదో తరగతికి వచ్చిన సహన, అక్క పరిగెత్తిన పరుగే నేనూ పరిగెత్తుతానని పట్టుబట్టినప్పుడు, ఇంట్లో వారం రోజులు ఎవరూ సరిగా అన్నం తినలేదు. చివరికి దేవరాజే అన్నాడు, "కాళ్ళు కట్టేసి పెంచుతామా?" అని. సరేనంది అక్కయమ్మ. ఒక్క షరతు పెట్టింది. రోజూ ప్రాక్టీసు దగ్గర తను ఉండాలి.

అలా రోజూ వచ్చి, కాచి చల్లార్చిన నీళ్ళ సీసా పట్టుకొని గీత పక్కన నిలబడేది.

క్రీడాకూటానికి ముందురోజు సాయంత్రం కూడా అలాగే నిలబడింది. పీటీ మేష్ట్రు పురుషోత్తమ చిల్లుల డబ్బాతో సున్నం పొడి రాలుస్తూ ట్రాకు గీస్తున్నాడు. చిక్కబళ్ళాపురం మనిషి. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా గుడి పూజ.

"అమ్మా, మీరు రోజూ వస్తాండారు. మీకూ హాజరీ వెయ్యాల ఇంక," అన్నాడు.

"వెయ్యి సార్. పరీక్ష మాత్రం పెట్టొద్దు."

"మా వంశంలో అందరూ దేవుడి ముందర ముగ్గులేసినోళ్ళే. నేనొక్కణ్ణే పిల్లోళ్ళ కాళ్ళ కింద వేస్తాండా."

"అదీ పుణ్యమే కదా సార్."

"పుణ్యమో కాదో, నడుము మాత్రం పోయింది."

సహన వచ్చి తల్లి చెంగు లాగింది. "మా, నువ్విట్ల దిష్టిబొమ్మ మాదిరి నిలబడితే అందరూ నవ్వుతాండారు."

"నవ్వనీ మే. నాకేం నష్టం?"

మిగతా పిల్లలు బ్యాగులు తగిలించుకొని వెళ్ళిపోయారు. మేష్ట్రు చివరి సున్నం మూటను అవతలి మలుపు దాకా ఈడ్చుకుపోయాడు. అక్కడ నేలలోంచి పైకి లేచిన రాయి మొన తగిలి, మూట అడుగు చిరిగింది. సున్నమంతా ఒక్కసారిగా జారి, చాపంత మేర పరుచుకుంది. మేష్ట్రు తల పట్టుకున్నాడు.

"గూళూరు అంగడి మూసేలోగా ఇంకో మూట తేవాల. మట్టి కలిసింది, ఇది పనికిరాదు. అమ్మా, నేను వచ్చేదాకా కొంచెం చూసుకుంటారా? ఆ పక్క గోడ పడిపోయుండాది, గొడ్లు దూరినాయంటే గీతలన్నీ పోతాయి."

"పోయిరా సార్. ఉంటాం."

బండి చప్పుడు దూరమైంది. సహన వరండా మెట్ల మీద కూర్చొని బూట్ల లేసులు విప్పుకుంటోంది. ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది. దూరంగా ఎవరిదో బోరు మోటారు ఆడుతోంది.

అక్కయమ్మ మలుపు దాకా నడిచింది.

అదే చోటు. ఈ రాయి పక్కనే పిల్ల తల వాలింది. ఇప్పుడక్కడ తెల్లగా, మెత్తగా, సున్నం.

ఆమెకు చైత్ర పోయిన పదకొండో రోజు గుర్తొచ్చింది. వాళ్ళ ఇళ్ళలో ఎవరైనా పోతే, తల పెట్టిన చోట రాత్రి బియ్యప్పిండి పరిచి, పక్కన దీపం పెట్టి, గంప బోర్లిస్తారు. గంప మూయకపోతే పిలవనివాళ్ళు కూడా వస్తారంటారు. పొద్దున్నే గంప ఎత్తి చూస్తారు. పోయినవాళ్ళు ఒకసారి ఇంటికి వచ్చిపోతారని, ఆ గుర్తు పిండిలో పడుతుందని. మామ పోయినప్పుడు పిట్టకాలు లాంటిది కనిపించింది. అత్త పోయినప్పుడు వేలిముద్రల్లాంటివి. చైత్రకు ఏమీ లేదు. పరిచింది పరిచినట్టే ఉంది. ఊళ్ళో ముసలామె తిమ్మక్క ఆ పిండిని చాలాసేపు చూసి, "ఇంటికి రాలేదమ్మా బిడ్డ. యాడనో నిలబడిపోయుండాది," అంది. ఆ మాట అన్నందుకు దేవరాజ్ ఆమె మీద కోప్పడ్డాడు. అక్కయమ్మ కోప్పడలేదు. ఆ రోజు నుంచి రాత్రిళ్ళు వీధి తలుపుకు గడియ పెట్టడం మానేసింది.

ఆమె వంగింది. సున్నంలోంచి రాళ్ళు ఏరేసింది. చెంగు కొస మడిచి, అటూ ఇటూ మెల్లగా తుడిచి, సమంగా చేసింది. ఒక్క గీత లేకుండా, ఒక్క మచ్చ లేకుండా. అరచేతులు చురుక్కుమన్నాయి. పిండి చల్లగా ఉంటుంది, సున్నం కాలుతుంది. ఆ తేడా అప్పుడే ఆమెకు తెలిసి ఉండాల్సింది.

"ఒక్కసారి వచ్చిపో పాపా," అంది. పైకి అనలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

బోరు మోటారు ఆగిపోయింది.

కరెంటు పోయినట్టుంది. ఊరి వైపు వెలుగుతున్న ఒకటి రెండు దీపాలూ ఆరిపోయాయి. ఆకాశంలో ఎరుపు బూడిదరంగుకు తిరిగింది. గాలి లేదు. ఎక్కడా ఒక కుక్క కూడా మొరగలేదు. చీకటి పై నుంచి దిగినట్టు కాదు, ఆ గట్టి నేలలోంచి ఊటలా పైకి ఉబికినట్టు అనిపించింది. తెల్లగీతలు మాత్రం కాసేపు మెరిసి, అవీ మాసిపోయాయి.

అక్కయమ్మ వరండాకు వచ్చి సహన పక్కన కూర్చుంది. పిల్ల చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది.

అప్పుడు వాసన వచ్చింది.

మొదట కొబ్బరినూనె. ఆ వెనకే, ఆటగాళ్ళు నొప్పులకు కొట్టుకొనే స్ప్రే వాసన, ముక్కులో చల్లగా గుచ్చే వాసన. చైత్ర స్కూలు నుంచి వచ్చి చాప మీద కాళ్ళు చాపుకొని కూర్చుంటే ఇల్లంతా అదే వాసన ఉండేది. "కూట్లో కూడా అదే కంపు మే," అని తిట్టేది అక్కయమ్మ. ఆ స్ప్రే డబ్బా అయిపోయి నెలలైంది. ఖాళీ డబ్బా ఇంకా ఇంట్లో ఉంది.

"సహనా, నువ్వేమన్నా రాసుకున్నావా?"

"లేదు మా."

ఆ తర్వాత చప్పుడు. దూరంగా, మైదానం అవతల. మెత్తగా, క్రమంగా... ఒట్టి కాళ్ళు నేలను తాకుతున్న చప్పుడు. తప్... తప్... తప్... ఆ చప్పుడు మలుపు తిరిగింది. దగ్గరికి వచ్చింది. వరండా ముందు నుంచి పోయింది. ఎవరూ కనపడలేదు. ఊపిరి మాత్రం వినపడింది. రెండు అడుగులకొకసారి పీల్చి, రెండు అడుగులకొకసారి వదిలే ఊపిరి.

అలా ఊపిరి తీయాలని చైత్రకు నేర్పింది మేష్ట్రు. ఇంట్లో దోసెలు పోస్తున్నప్పుడు కూడా అలాగే తీసి తల్లిని నవ్వించేది.

అక్కయమ్మకు భయం వేయలేదు. అదే తర్వాత ఆమెను ఎక్కువ బాధపెట్టింది, ఆ క్షణంలో కలిగింది సంతోషం కావడం. సెల్‌ఫోన్ లైటు వేసుకొని మలుపు వైపు పరిగెత్తింది. "ఇక్కడే ఉండు!" అని సహనకు చెప్పిందో లేదో కూడా గుర్తులేదు.

సున్నంలో అడుగులు పడి ఉన్నాయి.

తడి సున్నంలో పడినట్టు తేటగా, అచ్చు దిగినట్టు. ఎడమకాలి చిటికెనవేలు లోపలికి తిరిగి పక్కవేలి మీద ఎక్కి ఉంది. పసిబిడ్డగా ఉన్నప్పుడు ఆ వేలు సరిగ్గా రావాలని ఆముదం పూసి ఎన్ని రోజులు లాగిందో. రాలేదు. ఇంతకంటే అందమైన వేలు ఇంకోటి లేదని ఇప్పుడు అనిపించింది.

"వచ్చినావా పాపా," అంది. "రా. ఇంటికి పోదాం. నీళ్ళు కాచి పెడతా. రా..."

చెవి పక్కనే, రొప్పుతూ...

"ఇంకొక్క రౌండు, మా."

రోజూ అనే మాటే. తీసుకుపోవడానికి వచ్చిన ప్రతిసారీ అనే మాట. అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. తప్... తప్... తప్...

అయితే ఈసారి చప్పుడు ఒక్కరిది కాదు.

అక్కయమ్మ గిర్రున తిరిగి లైటు వేసింది. మెట్ల మీద సహన లేదు. బూట్లు మాత్రం ఉన్నాయి.

"సహనా!"

తెల్లగీతల మధ్య పిల్ల పరిగెత్తుతోంది. జుట్టు ఎగురుతోంది. కళ్ళు ముందున్న దేన్నో చూస్తున్నాయి. పక్కకు తిరగలేదు. తల్లి పిలిచినా తిరగలేదు. రోజూ ప్రాక్టీసులో పరిగెత్తే వేగం కాదది. అంత వేగం పిల్లకు ఎక్కడ నుంచి వచ్చింది...

అక్కయమ్మ అడ్డంగా పరిగెత్తింది. చీర కాళ్ళకు చుట్టుకుంది. పడింది. లేచింది. మలుపుకు కాస్త ఇవతల పిల్ల నడుము రెండు చేతులా పట్టుకుంది. ఇద్దరూ కలిసి నేల మీద పడ్డారు. పడ్డాక కూడా సహన కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

లైటులో చూసింది. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ రంగు ఆమెకు తెలుసు. ఆసుపత్రికి పోయే జీపులో దారంతా చూసింది ఆ రంగును.

"ఊపిరి తీసుకో... నన్ను చూడు... పాపా, నన్ను చూడు!"

సహన దగ్గింది. రంగు మెల్లగా తిరిగి వచ్చింది. కళ్ళలో నీళ్ళు.

"అక్క మా," అంది గుసగుసగా. "దినామూ వస్తాంది. నాకంటే ముందర పరిగెత్తుతాది. నేను వెంటబడతా. ఆ మాట చెప్తే నన్ను మళ్ళీ రానియ్యవని చెప్పలేదు."

"ఆగమని చెప్పలేదా నువ్వు?"

"చెప్పినా. ఆగలేకపోతాందంట మా. ముగియలేదంట. ఒక్కతే పరిగెత్తలేకుండా ఉందంట... తోడు రమ్మంటాంది. రేపు రేసులో కూడా వస్తాది. వస్తే నేను నిలవలేను."

అడుగులు వాళ్ళ పక్క నుంచి పోయాయి. గాలి కూడా కదిలింది. సహన ఒళ్ళు అటువైపు జరిగింది, ఎవరో దారం కట్టి లాగినట్టు. అక్కయమ్మ ఆ పిల్లను రొమ్ముకు అదుముకుంది.

ఒక బిడ్డను అదుముకొని, ఇంకో బిడ్డ పోతున్న చప్పుడు వింటూ, ఆమె ఆ నేల మీద కూర్చుంది. కావాలంటే ఇలా వదిలేయవచ్చు. సహనను బడి మాన్పించి, చిక్కబళ్ళాపురంలో చేర్పించవచ్చు. తను మాత్రం రోజూ సాయంత్రం వచ్చి ఈ మెట్ల మీద కూర్చోవచ్చు. ఆ ఊపిరి వినవచ్చు. ఆ వాసన పీల్చవచ్చు. కూతురు ఎప్పటికీ ఇక్కడే ఉంటుంది. ఎప్పటికీ... రొప్పుతూ.

ఆ రొప్పు ఆమె చెవుల్లో పడుతూనే ఉంది. అలసిపోయిన పిల్ల రొప్పు. ఏడాదిగా ఆగని రొప్పు.

"ముగిస్తే ఆగుతాదా?" అని అడిగింది.

సహన తలూపింది. "రేపటి రిబ్బన్ వరండాలో పెట్టెలో ఉండాది మా."

ఎర్ర రిబ్బన్. ముగింపు గీతకు ఆ కొసన సహన, ఈ కొసన అక్కయమ్మ. లైటు ఆర్పేయమంది సహన. ఆర్పేసింది. చీకట్లో ఒకరికొకరు కనపడలేదు. చేతిలో రిబ్బన్ బిగువు ఒక్కటే, అవతల పిల్ల ఉందన్న ఆనవాలు.

తప్... తప్... అవతలి వైపు నుంచి వస్తున్నాయి అడుగులు. మలుపు దగ్గరికి వచ్చాయి.

ఆగిపోయాయి.

అక్కడే. సున్నం దగ్గరే. మోకాళ్ళు నేలకు తగిలిన చప్పుడు. పోయినేడు ఆ చప్పుడు వినలేదు, జనం కేకల్లో మునిగిపోయింది. ఇప్పుడు ఊరంతా నిశ్శబ్దంగా ఉండి దాన్ని వినిపించింది.

"చైత్రా!" అని అరిచింది. "లెయ్యి పాపా! ఇంక రవ్వంతే... గీత ఇక్కడే ఉండాది! నేనుండా, చెల్లెలుండాది... లెయ్యి!"

ఏమీ లేదు. ఊపిరి మాత్రం... సన్నగా.

"ఇంటికి రావొద్దు నాయనా," అంది. ఆ మాట ఎలా వచ్చిందో. "ఇంటికొద్దు. ఇక్కడి దాకా వస్తే చాలు. అయిపోతాది. నా తల్లివి కదూ. రా... వచ్చేయ్..."

ఒక అడుగు. ఇంకో అడుగు. తడబడుతూ. తర్వాత తడబాటు పోయింది. పరుగు. కొబ్బరినూనె వాసన ముంచుకొచ్చింది. రిబ్బన్ ఒక్కసారి ముందుకు వంగింది, ఎవరో రొమ్ముతో తాకినట్టు. వెచ్చటి ఊపిరి ఒకటి అక్కయమ్మ చెంపకు తగిలింది. తడిగా ఉండింది.

పోయింది.

అడుగులు లేవు. వాసన లేదు. ఎక్కడో కుక్క మొరిగింది. ఆ కుక్క మొరుగు విని అక్కయమ్మ గుండె పగిలింది. మామూలు సాయంత్రం తిరిగి వచ్చేసింది. అందులో చైత్ర లేదు. ఎక్కడా లేదు. ఎక్కడో నిలబడి ఉందనుకున్న ఏడాదంతా నయం. తనే పిలిచి, తన చేత్తోనే సాగనంపింది.

సహన చీకట్లో పరిగెత్తుకొచ్చి తల్లిని చుట్టేసుకుంది. వెక్కి వెక్కి ఏడుస్తోంది. "అక్క నవ్వింది మా. నాకు వినపడింది." అక్కయమ్మ ఎడమచేత్తో పిల్ల తల నిమిరింది. రొమ్ము మీద అరచెయ్యి పెట్టి చూసింది. గుండె సరిగ్గా కొట్టుకుంటోంది. రెండు చేతులతో తన నడుము పట్టుకొని, ఒళ్ళంతా తనకు ఆనుకొని ఉంది బిడ్డ.

"పదమ్మా. మేష్ట్రు వస్తాండాడు. పోదాం."

రోడ్డు మీద బండి లైటు కనపడుతోంది. రిబ్బన్ చుట్టి పెట్టెలో వేద్దామని అక్కయమ్మ కుడిచేత్తో లాగింది.

రాలేదు.

రాయికేమైనా చిక్కుకుందేమో అనుకొని మళ్ళీ లాగింది. అవతలి నుంచి మెత్తగా, బతిమాలుతున్నట్టు, ఎవరో తిరిగి లాగారు.

పడిపోయిన గోడ దగ్గర మేష్ట్రు బండి మలుపు తిరిగింది. లైటు మైదానం మీదుగా ఒక్క క్షణం పారింది. ఎర్ర రిబ్బన్ గీతకు అడ్డంగా బిగువుగా ఉంది. అవతలి కొస దగ్గర ఎవరూ లేరు. అయితే ఆ కొస సహన పట్టుకున్న ఎత్తులో లేదు. బాగా కిందికి ఉంది. హైస్కూలు పిల్లలెవరూ పట్టుకోనంత కిందికి. ఇంకా నడక సరిగా రాని బిడ్డ చెయ్యెత్తి పట్టుకుంటే ఎంత ఎత్తుంటుందో, అంత.

దూరంగా, మలుపు దగ్గర, గంప బోర్లించని సున్నంలో... అడుగులు మొదలయ్యాయి. ఒక జత కాదు.